చెట్టు కొట్టే హక్కు

1

పెరట్లోని చెట్టును ఎప్పుడు కొట్టాలి, ఎట్లా కొట్టాలి అన్న ప్రశ్న చరిత్ర వ్యాసానికి తగిన విషయమేనా అని కొందరు సందేహించవచ్చు. అది గొడ్డలి పట్టినవాడికీ ఇంటి యజమానికీ మధ్య తేలే బేరం కదా అనవచ్చు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. 2021 చివర్లో మా పెరటి వేపచెట్టు కొమ్మల చివళ్ళనుంచి ఎండుకు రావటం మొదలైన తర్వాతగాని ఆ బేరంలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియలేదు.

ఆ ఏడు తెలుగు ప్రాంతాల్లో, ముఖ్యంగా తెలంగాణలో, వేపచెట్లు నిప్పు సోకినట్లు మాడిపోయాయి. ఒక రకం బూజు వల్ల వచ్చిన కొమ్మ ఎండు తెగులు అది. రసం పీల్చే దోమ దానికి తోడయింది. “చెట్టు చచ్చింది, కొట్టించెయ్యండి మాస్టారూ” అని వీధి వీధంతా సలహా చెప్పింది. కొట్టవద్దు, మళ్ళీ చిగురిస్తుంది అని శాస్త్రజ్ఞులు చెప్పారు. 2022లో చాలా చెట్లు చిగిర్చాయి. మాదీ చిగిర్చింది. తొందరపడినవాళ్ళు మాత్రం ప్రాణమున్న చెట్టును కట్టెల కింద అమ్ముకున్నారు.

ఆ కొద్ది నెలల్లో చెట్టు గురించి నాతో మాట్లాడినవాళ్ళు చాలామంది. కట్టెల వ్యాపారి ధర చెప్పాడు. ప్రభుత్వ అనుమతి లేనిదే గొడ్డలి తాకించరాదని తెలిసినవారొకరు హెచ్చరించారు. వేప లక్ష్మీస్వరూపమని మా అమ్మ అన్నది. ఒకే చెట్టు, ఒకరికి సరుకు, ఒకరికి చట్టం, ఒకరికి దేవత. ఈ మూడు మాటలూ ఈనాడు పుట్టినవి కావు. ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క కాలమూ, ఒక్కొక్క అధికారమూ ఉన్నాయి. నేల ఎవరిది అన్న ప్రశ్నకు మన చరిత్రకారులు ఎన్నో పుటలు కేటాయించారు. నేలమీద నిలబడిన చెట్టు ఎవరిది అన్న ప్రశ్నను అంతగా పట్టించుకోలేదు. నిజానికి ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఎన్నడూ ఒకటిగా లేదు.

2

ప్రాచీన గ్రంథాల్లో చెట్టు నరకటం గురించి రెండు రకాల మాటలు కనిపిస్తాయి. ఒకటి దండన, రెండవది శాంతి. కౌటిల్యుని అర్థశాస్త్రం నగరోద్యానాల్లోని పూలచెట్ల, పండ్లచెట్ల, నీడచెట్ల చిగుళ్ళు తుంచితే 6 పణాలు, చిన్నకొమ్మలు నరికితే 12, పెద్దకొమ్మలు నరికితే 24 పణాలు జరిమానా విధించింది. మొదలు నరికితే ప్రథమ సాహసదండం, కూలదోస్తే మధ్యమ సాహసదండం. పొలిమేర చెట్లకూ, చైత్యవృక్షాలకూ ఈ దండన రెట్టింపు. పొలిమేర చెట్టుకు అంత విలువ ఎందుకు? అది నీడ ఇచ్చినందుకు కాదు. రాతపత్రాలు అరుదైన కాలంలో పొలిమేర చెట్టే భూమికి దస్తావేజు. దాన్ని నరికినవాడు చెట్టును కాదు, సాక్షిని చంపినవాడు.

ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో విగ్రహాల కలప కోసం చెట్టు కొట్టే విధానం చెప్పాడు. చెట్టును పూజించాలి, దానిమీద నివసించే భూతాలను వేరే చోటికి వెళ్ళమని వేడుకోవాలి, తేనె, నెయ్యి పూసిన గొడ్డలితో తెల్లవారుజామున ఈశాన్యం వైపున మొదటి గాటు పెట్టాలి, చెట్టు తూర్పుకో, ఈశాన్యానికో, ఉత్తరానికో పడితే శుభం. ఇదంతా మూఢవిశ్వాసమని కొట్టిపారెయ్యటం సులభం. కాని చెట్లు కొట్టే పని తెలిసినవాడెవడైనా ఒక మాట చెబుతాడు: మొదటి గాటు ఏ వైపు పడుతుందో చెట్టు ఆ వైపుకే ఒరుగుతుంది. ఈశాన్యాన గాటు పెట్టి ఈశాన్యానికి పడితే శుభమని చెప్పటంలో, అనుకున్న చోట చెట్టును పడవెయ్యగలిగిన పనివాడి నేర్పుకు శాస్త్రం శుభమని పేరు పెట్టిందని నా అభిప్రాయం. శ్రమజీవి అనుభవం పురోహితుని నోట మంత్రంగా మారటం మన సంస్కృతిలో ఇదొక్కచోటే జరిగింది కాదు.

విజయనగర రాజుల తామ్రశాసనాల్లో దానభూమితోపాటు సంక్రమించే హక్కుల జాబితా ఒకటి మళ్ళీమళ్ళీ వస్తుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం మొదలైనవాటితోపాటు ‘సభూరుహం’ అన్న మాట కూడా అందులో ఉంటుంది. చెట్లతో సహా ఇచ్చాము అని అర్థం. నేల ఇస్తే చెట్టు దానంతటదే వచ్చేదయితే ఈ మాటను విడిగా చెక్కించవలసిన అవసరం ఏమున్నది? చెట్టుమీది హక్కు నేలమీది హక్కునుంచి విడదీయదగినదనీ, అందుచేత ప్రత్యేకంగా ఇవ్వవలసినదనీ ఆనాటి రాజ్యం భావించిందనే అనుకోవాలి. ఇచ్చింది రాజు, పుచ్చుకున్నది అగ్రహారీకుడో దేవాలయమో. ఆ చెట్టుకు నీళ్ళు పోసి పెంచిన పాలేరుకు ఆ జాబితాలో చోటు లేదు.

3

కుంఫిణీ పాలనతో ఈ విభజన రెవెన్యూ లెక్కలకు ఎక్కింది. 1802 నాటి శాశ్వత పైసలా జమీందార్లను నిలబెట్టింది. భూమిశిస్తు చెల్లిస్తున్న రైతు తన గట్టుమీది తుమ్మచెట్టును నాగలికోసం కొట్టుకోవాలన్నా జమీందారు మనుషుల అడ్డు తగిలే స్థితి ఏర్పడింది. కర్రు ఇనుముదైనా నాగలి కర్రదే. బండి, కాడి, మోట, ఇంటి దూలం, చివరకు పాడె కూడా కర్రే. చెట్టుమీది హక్కు లేని రైతుకు వ్యవసాయ పరికరాలమీద హక్కు లేనట్లే.

1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం 12వ సెక్షన్ ఈ తగవును తీర్చటానికి ప్రయత్నించింది. జిరాయితీ రైతు తన కమతంలోని చెట్లను అనుభవించవచ్చు, కొట్టుకోవచ్చు అన్నది. అయితే ఒక మెలిక పెట్టింది. చట్టం వచ్చే నాటికే ఉన్న చెట్ల విషయంలో ఆచారం వల్లగాని, రైతు అంతకుముందు రాసి ఇచ్చిన ఒప్పందం వల్లగాని జమీందారుకు హక్కులుంటే అవి నిలిచే ఉంటాయి. చట్టం తర్వాత రైతు నాటిన చెట్టు, దానంతట మొలిచిన చెట్టు మాత్రం, ఏ ఆచారం ఏమి చెప్పినా, రైతువే. అనగా ఒకే గట్టుమీద పక్కపక్కనే ఉన్న రెండు మామిడిచెట్లలో ముందు పుట్టినది జమీందారుదీ, తర్వాత పుట్టినది రైతుదీ కావచ్చు. రైతు తాత నాటిన చెట్టు దొరది. మనవడు నాటిన చెట్టు మనవడిది. భూస్వామ్యాన్ని కూల్చకుండా దానికి కొంచెం సున్నం కొట్టే చట్టాలన్నీ ఇట్లాగే ఉంటాయి. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఈ మెలిక పూర్తిగా విడలేదు.

అడవిలో సంగతి ఇంతకన్న కఠినం. 1856లో మద్రాసు రాజధానిలో అటవీ సంరక్షణాధికారిగా క్లెగ్‌హార్న్‌ను నియమించారు. రైలుపట్టాల కింద వెయ్యటానికి దుంగలు, ఇంజన్లలో వెయ్యటానికి కట్టెలు కావలసివచ్చిన కాలమది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. చెట్లు నరికేస్తున్నారని కొండప్రజలను నిందించిన ప్రభుత్వమే రైళ్ళకోసం అడవులను నరికించింది. అంతకుముందే 1879లో రంప ప్రాంతం తిరగబడింది. ఆ తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ముఖ్యమైనది కల్లుచెట్టు. కొండవాళ్ళు తమ ఇంటి అవసరానికి గీసుకునే చెట్లమీద మన్సబుదారు ‘చిగురుపన్ను’ వసూలు చేశాడు. పైన ఆబ్కారీ నిబంధనలు వచ్చి పడ్డాయి. తన గుడిసె పక్కనున్న చెట్టు మొవ్వునుంచి కారే చుక్క తనది కాదని చెప్పినప్పుడు మనిషి ఆయుధం పట్టాడు. 1922-24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం మళ్ళీ లేచినప్పుడు కూడా పోడుమీద, అడవి ఫలసాయంమీద ఆంక్షలే ఆ మంటకు కట్టెలు.

4

ఇక్కడ ఆబ్కారీ చెట్ల ప్రశ్నను కొంచెం వివరంగా పరిశీలించటం అవసరం. ఎందుకంటే చెట్టు కొట్టటం ఒక రాజకీయ చర్యగా మారినది ఇక్కడే.

సహాయ నిరాకరణోద్యమ కాలంలో కల్లు, సారా వ్యతిరేక ప్రచారం కాంగ్రెసు కార్యక్రమంలో భాగం. అప్పుడు కాంగ్రెసులో ఉన్న ఈరోడు రామస్వామి నాయకరు, అనగా పెరియారు, 1921 ప్రాంతంలో తన తోటల్లోని వందలాది కొబ్బరిచెట్లను, కల్లుకు ఉపయోగపడుతున్నాయన్న కారణంతో, కొట్టించివేశారు. తన సొంత ఆస్తిలోని చెట్లను ఒక సిద్ధాంతంకోసం కూల్చిన ఉదాహరణలు మన దక్షిణదేశ చరిత్రలో ఇంతకన్న ప్రసిద్ధమైనవి లేవు. ఆ త్యాగం నిజమైనది, నష్టం ఆయనదే. కాని అభ్యుదయ దృష్టితో చూచేవారు మరొక ప్రశ్న కూడా వెయ్యాలి. ఆ చెట్లెక్కి పొట్టపోసుకున్నవాళ్ళు ఏమయ్యారు? యజమాని ఆస్తిని వదులుకున్నాడు. పనివాడు అన్నాన్ని వదులుకున్నాడు. చరిత్ర మొదటి త్యాగాన్ని మాత్రమే లెక్క వేసుకున్నది.

నిజాం రాజ్యంలో ఈ సమస్య మరింత తీవ్రంగా ముందుకు వచ్చింది. ఆబ్కారీ అక్కడి ప్రభుత్వానికి ప్రధాన ఆదాయాల్లో ఒకటి. రైతు పట్టా భూమిలో మొలిచినా తాటిచెట్టు కల్లు, ఈతచెట్టు కల్లు ఆబ్కారీ అదుపులోవే. వేలంపాటలో పాడుకున్న గుత్తేదారు చేతిలోవే. 1947 ఆగస్టులో ఇండియన్ యూనియన్‌లో చేరాలని హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు సత్యాగ్రహం సాగించినప్పుడు కల్లుచెట్లు నరకటం ఆ కార్యక్రమంలో ఒక భాగమయింది. చెట్టు కూలితే నిజాం ఖజానా కూలుతుందన్నది అందులోని తర్కం. పోరాట గ్రామాల్లో మరొక నినాదం కూడా వినవచ్చింది: గీసేవాడిదే చెట్టు. చెట్టును నరకవద్దు, చెట్టుమీది పన్నును నరకాలి అన్నది దాని సారాంశం.

ఈ రెండింటిలో ఏది సరియైనది? నినాదాల బలాబలాలతో కాక, చెట్టు స్వభావంతో ఈ ప్రశ్నకు జవాబు వెతకాలని నేనంటాను. వేపనో, చింతనో మొదలంటా నరికితే మోడునుంచి మళ్ళీ చిగురు వేస్తుంది. తాటిచెట్టు అట్లా కాదు. దానికున్నది ఒకటే మొవ్వు. తల తెగితే అది చచ్చినట్లే. మోడు చిగిర్చేది లేదు. కొత్తది నాటితే గీతకు రావటానికి పదిహేనేళ్ళదాకా పడుతుంది. ఒక ప్రభుత్వం ఒక్క ఏడాదిలో కూలవచ్చు. ఆ ప్రభుత్వాన్ని దెబ్బ తియ్యటానికి కూల్చిన తాటిచెట్టు స్థానంలో గీతగాడికి మళ్ళీ జీవనాధారం నిలవాలంటే ఒక తరంలో సగం గడవాలి. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. నరికిన చెట్లు మాత్రం తిరిగి రాలేదు. శత్రువును కొట్టబోయి తన మనిషిని కొట్టుకునే ఎత్తుగడ ఎంత ఆవేశపూరితమైనదైనా ప్రజాప్రయోజనం కాజాలదు.

5

స్వాతంత్ర్యం తర్వాత భాష మారింది. ఆదాయంకోసం చెట్టును తన కింద పెట్టుకున్న ప్రభుత్వం ఇప్పుడు సంరక్షణకోసం పెట్టుకుంటున్నానంటున్నది. 2002లో ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష చట్టం వచ్చింది. వాల్టా అని అందరూ పిలిచేది దాన్నే. దాని ప్రకారం సొంత స్థలంలోని చెట్టునైనా నియమిత అధికారి అనుమతి లేకుండా కొట్టరాదు. సరుగుడు, జామాయిలు, సుబాబుల్ వంటి పంటగా పెంచే చెట్లకు మినహాయింపులు ఉన్నాయి. తాటి, ఈత చెట్ల విషయంలో ఎక్సైజు శాఖ ప్రమేయం ఇప్పటికీ ఉన్నది. 2014లో రాష్ట్రం విడిపోయిన తర్వాత రెండు రాష్ట్రాలూ వాల్టాను కొనసాగించాయి.

ఈ చట్టం అవసరం లేదని నేననను. పట్టణాల్లో ఇంటి స్థలాల ధర పెరిగిన కొద్దీ నూరేళ్ళ చింత ఒక్క రాత్రిలో కట్టెల అడితికి చేరుతున్న కాలమిది. కాని చట్టం చెట్టును యజమానికి శత్రువుగా మార్చే ప్రమాదం కూడా ఉన్నది. దీనికి పొరుగున ఉన్న మైసూరు చరిత్ర సాక్ష్యం. 1792లో టిప్పు సుల్తాను గంధపుచెట్టును రాజవృక్షంగా ప్రకటించాడు. రైతు పొలంలో మొలిచినా అది ప్రభుత్వానిదే. తర్వాతి ప్రభుత్వాలూ ఆ పద్ధతినే పట్టుకున్నాయి. పెరిగితే సర్కారుదీ, దొంగలు పడితే కేసు తనమీదికీ వస్తుందని తెలిసిన రైతు ఏం చేస్తాడు? మొలకగా ఉన్నప్పుడే పీకేస్తాడు. మొలకను పీకటానికి ఏ చట్టమూ అనుమతి అడగదు. చివరకు 2001లో కర్ణాటక తన అటవీ చట్టాన్ని సవరించి, గంధపుచెట్టు భూమి యజమానిదేనని అంగీకరించవలసివచ్చింది. పెంచినవాడికి కొట్టే హక్కు పూర్తిగా లేకుండా చేస్తే చెట్టు బతకదు, మొక్కదశలోనే చస్తుంది. రెండు వందల సంవత్సరాల అనుభవం చెప్పే పాఠం ఇది.

అయితే హక్కు అంతా యజమానిదే అని తేల్చి ఊరుకోవచ్చునా? ఈ సందేహాన్ని నాకు తీర్చింది గ్రంథాలు కావు, మా వేపచెట్టే.

6

2022లో చిగిర్చిన ఆ చెట్టు 2024 వేసవిలో ఒక గాలివానకు పెద్దకొమ్మను వదులుకున్నది. కొమ్మ విరిగిన చోట చూస్తే లోపల బోలు. మొదట్లో, ఇంటివైపున, పుట్టగొడుగు జాతి బూజు పలకలుగా కట్టి ఉన్నది. ఈసారి నేను వీధి సలహా మీద ఆధారపడదలచుకోలేదు. చెట్లు కొట్టే మేస్త్రీని పిలిపించాను. ఆయన గొడ్డలి తిరగేసి మొదలు చుట్టూ కొట్టి చప్పుడు విన్నాడు. తర్వాత నాకు నేర్పినది క్లుప్తంగా చెబుతాను.

పుట్టుకనుంచి వంగి పెరిగిన చెట్టు వేరు, నిన్నటిదాకా నిలువుగా ఉండి ఇవాళ వంగిన చెట్టు వేరు. రెండవదాని మొదట నేల పగిలి ఉబ్బి ఉంటే ఆ రోజే మనుషులను అక్కడినుంచి తప్పించాలి. ఆకు రాలటం, కొమ్మ ఎండటం చావుకు గుర్తులు కావు. కొనగోటితో బెరడు గీకితే కింద పచ్చ కనిపిస్తే ప్రాణమున్నది. బోలు పడినంత మాత్రాన చెట్టు పనికిరానిది కాదు. చుట్టూ ఉన్న గట్టికలప మందం కాండపు వ్యాసార్ధంలో మూడోవంతుకైనా ఉంటే అది నిలబడవచ్చు. మా చెట్టుకు ఇంటివైపు ఆ మందం లేదు. మొదట బూజు ఉన్నదంటే వేళ్ళలో కుళ్ళు ఉన్నదనే అనుమానించాలి. కనుక కొట్టవలసిందే. చోటున్న పొలంలో అయితే పడవలసిన వైపున లావులో నాలుగోవంతునుంచి మూడోవంతుదాకా నోరు తెరిచినట్లు గాటు కొట్టి, వెనుకనుంచి కొంచెం ఎత్తున కోస్తూ మధ్యలో పట్టీలాగా కొంత కలప వదలాలి. ఆ పట్టీయే తలుపుకు మడతబందు లాంటిది. చెట్టును నడిపించేది అదే. ఇళ్ళమధ్య మాత్రం ఆ పద్ధతి పనికిరాదు. కరెంటు తీయించి, పైనుంచి కొమ్మ కొమ్మకూ తాడు కట్టి దించుకుంటూ రావాలి. మరొక సంగతి: నల్లరేగడిలో గోడ పక్కనున్న పెద్దచెట్టును కొడితే పని ముగిసినట్లు కాదు. ఇన్నాళ్ళూ నీరు తాగిన వేళ్ళు ఆగిపోతాయి. నేల నీటితో ఉబ్బుతుంది. చెట్టు ఉన్నప్పుడు లేని పగుళ్ళు చెట్టు పోయిన తర్వాత రావచ్చు.

అనుమతికి దరఖాస్తు పెట్టాను. ఈలోగా ఏటా మా పెరట్లో వేపగింజలు ఏరుకునే ముసలామె వచ్చింది. ఎండబెట్టి వ్యాపారికి అమ్ముకుంటుంది. వర్షాకాలంలో రెండు మూడు వారాలు ఆమెకు అదొక ఆదాయం. నరుకుతున్నామన్న మాట ఎవరో చెప్పారు.

“మీ చెట్టు, మీరు కొట్టుకుంటారు మాస్టారూ, నేనెవరిని వద్దనటానికి? ఈ యేడు గింజ రాలిందాకా ఆగితే చాలు” అన్నది.

“ఈలోగా కొమ్మ విరిగి మీద పడితే ఎట్లా మామ్మా?” అన్నాను.

“ఇంటిమీదికి వచ్చిన కొమ్మలు తీయించెయ్యండి బాబూ. దొడ్డివైపువి ఉంచండి. గింజంతా అటే కదా కాస్తది” అన్నది.

మేస్త్రీ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూచి, ఆమె చెప్పింది సరిగ్గానే ఉన్నదన్నాడు. ఇంటివైపు బరువు దించితే కొన్ని వారాలు భయం తగ్గుతుందని చెప్పాడు. ఆమెనూ, మమ్మల్నీ గాలి వీచే వేళ చెట్టుకిందికి పోవద్దన్నాడు. అట్లాగే చేశాము. గింజ రాలటం ముగిసింది, అనుమతి వచ్చింది, చెట్టును రెండు రోజులపాటు ముక్కలు ముక్కలుగా దించాము. గోడకు ఇరవై అడుగుల దూరాన రెండు వేపమొక్కలు నాటాము.

చరిత్రలో చెట్టుమీద హక్కు చెప్పుకున్నవాళ్ళ జాబితాను ఇప్పుడు మళ్ళీ చూడండి. కౌటిల్యుని కాలంలో రాజు. విజయనగర శాసనాల్లో అగ్రహారీకుడు. 1908లో జమీందారూ రైతూ. నిజాం కాలంలో ఆబ్కారీ గుత్తేదారు. 2002లో పట్టాదారూ అధికారీ. ఇంత పొడుగు జాబితాలో గింజలేరుకునే ముసలామె ఎక్కడా లేదు. కల్లు గీసేవాడు ఒక్కసారి, ఒక నినాదంలో, కనిపించాడు. వాల్టా దరఖాస్తులోనూ ఆమెకు గడి లేదు. అయినా ఆ చెట్టును ఎప్పుడు కొట్టాలో, ఏ వైపునుంచి మొదలుపెట్టాలో మాలో అందరికన్న సరిగ్గా చెప్పింది ఆమె.

చెట్టు కొట్టే హక్కు పెంచినవాడికి ఉండవలసిందే. లేకపోతే పెంచేవాడే ఉండడు. కొట్టకుండా ఆపే అధికారం సమాజానికీ ఉండవలసిందే. లేకపోతే చెట్టే ఉండదు. కాని ఆ సమాజం అంటే ముద్రవేసే అధికారి ఒక్కడే కాదు. ఆ చెట్టు నీడనా, దాని ఫలంమీదా, దాని చుక్కమీదా బతికే మనుషులందరూ. వాళ్ళను అడగకుండా తీసుకున్న నిర్ణయం చట్టబద్ధం కావచ్చు, త్యాగమూ కావచ్చు. న్యాయం మాత్రం కాదు. గొడ్డలికి తేనె, నెయ్యి పూయటం మనం ఎప్పుడో మానుకున్నాము. చెట్టుమీద నివసించే భూతాలను అనుమతి అడగటం కూడా మానుకున్నాము. మంచిదే. ఆ చెట్టుకింద బతికే మనుషులను అడగటం ఇకనైనా మొదలుపెట్టాలి.